మూడో కాపీ

ఫర్వానియాలో మా అంగడి బోర్డు మీద
ఇప్పటికీ టైపింగు సెంటరనే ఉంది.
లోపల ఉండేది రెండు కంప్యూటర్లు, ఒక ప్రింటరు,
కారే ఏసీ, దాని కింద పెయింటు డబ్బా.
టైపుమిషను బీరువా మీద
పాత లుంగీ కప్పుకొని పండుకోనుంది.

మా చెల్లెలి మనవరాలు రిజ్వానా, ఆరో తరగతి,
బడి నుంచి ఒక కాగితం తెచ్చింది:
వాడకం పోయిన యంత్రం ఒకటి
ఎట్లా పనిచేసేదో రాసుకురావాలంట.
వాళ్లమ్మకు చిర్రెత్తింది.
"బతికిన చదువుకే పొద్దు చాలడంలేదు,
చచ్చిన మిషన్ల చదువెందుకు మామా?"

నేనూ తలూపినా.
మా నాయనా అంతే అన్నాడు గదా.
రాయచోటిలో దూదేకే విల్లు
పట్టబోతే చేతి మీద కొట్టినాడు:
"పొయ్యే పని నీకెందుకురా, టైపు నేర్చుకో పో."
ఆ నరం మోత ఎట్లుండేదో
ఇప్పుడు నోటితో చేసి చూపమంటే చూపలేను.
దానికోసం ఏడ్చిందీ లేదు.
నాయన దగ్గు మాత్రం బాగా గుర్తుంది.

ఈలోగా పిల్ల కుర్చీ ఎక్కి లుంగీ లాగేసింది.
ఫోను తట్టినట్టు తట్టింది. అక్షరం పళ్లేదు.
"కొట్టాల తల్లీ."
కొట్టింది. బండి కుడికి జరిగింది,
రాత ఎడమకు పోయింది. నవ్వింది.
"చెరిపే మీట ఏదీ?"
"లేదు."
"తప్పు పోతే?"
"తప్పు అట్లే ఉంటాది."

మూడు కాగితాలు, నడుమ రెండు కార్బన్లు పెట్టి చూపించినా.
పైది ఆఫీసుకు, నడిమిది కఫీలుకు,
అడుగుది పనోనికి.
"అడుగుది ఎందుకింత మసక?"
"వేలి బలం అంతదూరం పోదు."

ఆ మాట అనకుండా ఉంటే బాగుండేది.
పాతవి చూస్తానని రేకు పెట్టె తీసింది,
ఎవరూ రాక మిగిలిపోయిన మూడో కాపీలు.
కిటికీ వెలుతురుకు ఒకటి ఎత్తిపట్టి
బళ్లో నేర్చిన అరబ్బీ కూడబలుక్కుంటా చదివింది:
"నాకు రావలసిన జీతమంతా ముట్టింది.
ఎవరి మీదా నాకు ఏ దావా లేదు.
చిట్వేలి ఓబులేసు."
కింద వేలిముద్ర, దాని గీతలు కూడా మసకే.

అది నా మొదటి ఏడు.
అక్షరాలొచ్చు, మాట రాదు.
మసీదులో ఓదిన అలవాటుతో
మందూబు ఇచ్చిన నమూనాను
చుక్క పోకుండా దించేవాణ్ణి, కాగితానికి అర దీనారు.
ఓబులేసు ఆ స్టూలు మీదనే కూర్చున్నాడు.
"నా ఎనిమిది నెల్ల సంగతి పడిందా అన్నా?"
పడింది, పడింది అన్నా.
గంట మోగింది, బండి వెనక్కి తోసినా.

మూడో ఏటికి మాట కూడా వచ్చింది.
పెట్టె మాత్రం తెరవలేదు.

"ఇవన్నీ రాయొద్దు," అంటోంది వాళ్లమ్మ,
"మీట, రిబ్బను, గంట. అంతవరకు రాయి."
పిల్ల పెన్ను మూత కొరుకుతోంది.
చివరి గడిలో ఒక ప్రశ్న మిగిలింది:
ఈ పని ఇప్పుడు ఏది చేస్తోంది?

అప్పుడే తలుపు తోసుకొని ఒక పిల్లోడు,
చొక్కా మీద సిమెంటు, చేతిలో ఫోను.
"అన్నా, మందూబు ఏదో పంపినాడు,
కింద పచ్చగా ఉండేది నొక్కమంటాడు.
నొక్కెయ్యనా?"

నేను నోరు తెరిచేలోపల
రిజ్వానా కుర్చీ దిగింది.
"ఉండన్నా, చదివి చెప్తా."
ఫోను అందుకుంది.
ఆ అద్దం మీద, పచ్చ మీటకు కాస్త పైన,
కార్బను మసితో దాని బొటనవేలు పడింది.